చర్చి కప్పు మీద నల్ల చెక్కలు

పాత కట్టడాల ఆఫీసులో గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుని కాగితం మీద రెండు వాక్యాలు చదివి, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. ఎదుట కుర్చీలో కూర్చున్న ఫ్యూజాయన అంతసేపూ నోరు మెదపలేదు. అలా ఊరుకోవడం ఆయన తత్వం కాదు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు కోప్పడనని భార్యకి మాటిచ్చి వచ్చాడు కాబట్టి పళ్ళ బిగువున కూర్చున్నాడు.

"యజమాని సంతకం లేదండి," అన్నాడు గుమాస్తా చివరికి.

"ఫాదర్ సంతకం ఉంది కదండీ. కింద ముద్ర కూడా ఉంది చూడండి."

"ఆయన ఇప్పుడున్న ఫాదర్. దస్తావేజులో స్థలం ఎవరి పేరు మీదుందో వాళ్ళ సంతకం కావాలి."

దస్తావేజులో ఉన్నది చర్చి కట్టించిన మొదటి గురువు పేరు. ఆయన పోయి నూట డెబ్బై ఏళ్ళు దాటింది.

"ఆయన సమాధి మా ఆవరణలోనే ఉందండీ," అన్నాడు ఫ్యూజాయన. "రాయి మీద కాగితం పెట్టి వేలిముద్ర వేయించుకు రమ్మంటారా?"

గుమాస్తాకి నవ్వు రాలేదు. "పోయినవాళ్ళయితే వారసులు పెట్టొచ్చు," అన్నాడు.

"ఫాదర్లకి వారసులుండరండీ. ఉంటే అది వేరే గొడవ."

అది ఆ ఆఫీసుకి ఆయన నాలుగోసారి వెళ్ళిన రోజు. కాగితాలు చంకలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే ఆయనకి ఒళ్ళంతా మండింది. పైగా ఆ మంటలో కొంత సిగ్గు కూడా కలిసింది. ఆయన కరెంటాఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. అందులో చివరి పదకొండేళ్ళు కౌంటరు వెనకే కూర్చున్నాడు. "రేపు రండి" అనే మాట ఎంతమందితో అన్నాడో లెక్కే లేదు. ఊళ్ళో సగం ఇళ్ళ ఫ్యూజులు తన చేత్తో వేసినవే కాబట్టి తనకా పేరొచ్చిందని ఆయన నమ్మకం. చిన్న మాటకే ఎగిరిపోతాడు కాబట్టి వచ్చిందని మిగతావాళ్ళ నమ్మకం.

ఆయన చర్చికి కార్యదర్శి. ఆ చర్చి కింద ఉండే మూడొందల కుటుంబాలనీ కలిపి విచారణ అంటారు. చర్చి కట్టి నూట తొంభై ఏళ్ళు. ఏటవాలు పెంకుల కప్పు, నాలుగు వైపులా రాతి గోడలు, ముందు గంట గోపురం. వెనక హాల్లో ఒక చిన్న మందుల గది ఉంది. దాన్ని నడిపేది ఫ్యూజాయన భార్యే. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, అందరికీ నర్సమ్మ. ఇంట్లో ఫ్రిజ్ లేని నలభైమంది షుగరు రోగులు తమ ఇన్సులిన్ సీసాల మీద పేర్లు రాసి ఆమె ఫ్రిజ్‌లో దాచుకుంటారు. పొద్దున్నే వచ్చి వరసలో నిలబడి సూది వేయించుకుని పనులకి పోతారు. ఈ ఆఫీసు తిరుగుడు మొదలవకముందు, కరెంటు బిల్లు భరించలేక ఆ గదిని వారానికి మూడు రోజులు మూసేద్దామని కమిటీలో మాటొచ్చింది. ఆ సాయంత్రం నర్సమ్మ అన్నం వడ్డిస్తూ, "షుగరు వారానికి మూడు రోజులు సెలవు తీసుకుంటుందా, మీ కమిటీని అడిగి చెప్పండి," అంది.

మర్నాడు పొద్దున ఫ్యూజాయన కాగితం, పెన్సిలు పట్టుకుని చర్చి చుట్టూ తిరిగాడు. కప్పు దక్షిణం వాలు మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ పడుతుంది. ఇరవై నాలుగు సోలార్ ప్యానెళ్ళు పెడితే చర్చికీ హాలుకీ మందుల గదికీ అన్నిటికీ సరిపోతుందని తేల్చాడు. హాలు కప్పు మీద పెడదామంటే గోపురం నీడ మధ్యాహ్నం నుంచే దాన్ని కమ్మేస్తుంది. ఖర్చులో సగం తానిస్తానని బట్టల కొట్టాయన ముందుకొచ్చాడు. మిగతా సగం చందాలు. ఇంతవరకూ వెన్నలో చాకులా సాగింది. పాత కట్టడం కాబట్టి ఆ ఆఫీసు అనుమతి ఒక్కటి ఉంటే చాలునని ఎవరో అన్నారు. ఆ ఒక్కటితోనే ఆయన తలప్రాణం తోకకొచ్చింది.

వారసుల గొడవ తేలడానికి బిషప్ గారి ఆఫీసు నుంచి ఉత్తరం తెచ్చుకోవాల్సి వచ్చింది. దానికి ఆరు వారాలు. ఆ ఉత్తరం ఇచ్చాక, కప్పు కొలతలు అంగుళాల్లో కాదు మీటర్లలో కావాలన్నారు. మీటర్లలో ఇస్తే, గోపురం బొమ్మ ఏది అన్నారు.

"గోపురం మీద ఏమీ పెట్టడం లేదండీ," అన్నాడు ఫ్యూజాయన.

"పెట్టడం లేదని తెలియడానికే బొమ్మ కావాలి," అన్నాడు గుమాస్తా.

ఫాదర్ కుర్రవాడు, నెమ్మదస్తుడు. ఈ సంగతులన్నీ విని తల పట్టుకున్నాడు. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత చెబుతారు. ఇక్కడ పూజారిని నేను. నేను ఇమ్మనే అంటున్నాను. మరి అడ్డుపడుతున్నది ఎవరండీ?"

"మూడో గదిలో కళ్ళజోడాయన, ఫాదర్," అన్నాడు ఫ్యూజాయన.

అయిదో నెలలో ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ప్యానెళ్ళు పెడితే రోడ్డు మీదికి ఎంత కనబడతాయో అధికారిగారు స్వయంగా వచ్చి చూస్తారట. అందుకు అదే సైజు, అదే రంగు, అదే మెరుపు ఉన్న నమూనా పలకలు కప్పు మీద అమర్చి ఉంచాలట. వచ్చే బుధవారం తనిఖీ.

ఇక్కడే ఫ్యూజాయన తన చేత్తో తన నెత్తిన కొరివి పెట్టుకున్నాడు. ఏ పనైనా సగంసగం చేయడం ఆయనకి రాదు. సొంత డబ్బుతో ఇరవై నాలుగు ప్లైవుడ్ చెక్కలు కోయించాడు. హాల్లో పరిచి, నల్ల ఎనామిల్ రంగు రెండు పూతలు వేశాడు. అది ఆరాక స్కేలు పెట్టి సన్నటి తెల్ల గీతలు గీశాడు, నిజం ప్యానెళ్ళకి ఉన్నట్టే. ఆ గీతలకే మూడు రోజులు పట్టింది. నడుం పట్టేసి రాత్రుళ్ళు అటూ ఇటూ పొర్లుతుంటే నర్సమ్మ కాపడం పెడుతూ, "అంత నిజంలా చెయ్యమని ఎవరన్నారండీ?" అంది.

"అదే మెరుపు ఉండాలన్నారు."

"ఉండాలన్నారు సరే. మెచ్చుకుంటామన్నారా?"

పెంకుల మేస్త్రి ఇద్దరు కూలీలతో వచ్చి చెక్కల్ని తాళ్ళతో వాలు మీద కట్టాడు. బుధవారం ఫ్యూజాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. గురువారం ఫోన్ చేస్తే ఎవరూ తియ్యలేదు. శుక్రవారం వెళ్తే, అధికారిగారికి బదిలీ అయిందనీ, కొత్తవాళ్ళు వచ్చేదాకా చెక్కలు అలాగే ఉంచమనీ గుమాస్తా చెప్పాడు. కదిపితే మళ్ళీ మొదటి నుంచీ అర్జీ పెట్టుకోవాలట.

ఆదివారం పూజ అయ్యాక జనం బయటికొచ్చి తలలెత్తి చూశారు. ఎండలో ఇరవై నాలుగు నల్లటి పలకలు తళతళా మెరుస్తున్నాయి. మొదట పాటల బృందంలో పెద్దావిడ వచ్చి ఫ్యూజాయన చెయ్యి పట్టుకుంది.

"ఎంత పని చేశావు నాయనా. ఇవాళ ఫ్యాను గాలి ఎంత చల్లగా ఉందో. పాత కరెంటుకీ దీనికీ పోలికే లేదు."

"అత్తయ్యా, అవి చెక్కలు. వాటిలోంచి కరెంటు రాదు."

"నీకెప్పుడూ ఎగతాళే," అందావిడ, ఆయన భుజం తట్టి.

ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుగా తయారైంది వ్యవహారం. ఒకాయన అయితే మైకులో గరగర తగ్గిందన్నాడు. చెక్కలండీ, చెక్కలండీ అని గొంతు పోయేలా చెప్పినా, మెరిసేదాన్ని కళ్ళతో చూసినవాళ్ళకి చెవులు పనిచెయ్యలేదు.

నవ్వుకుని ఊరుకోవచ్చు, అంతటితో ఆగితే. మూడో ఆదివారానికి చందా పెట్టె అడుగు కనబడింది. పని అయిపోయిందనుకున్నాక ఎవరు మాత్రం ఎందుకు వేస్తారు? నాలుగో వారం బట్టల కొట్టాయన ఇద్దరు తమ్ముళ్ళనీ మేనల్లుణ్ణీ వెంటబెట్టుకుని వచ్చి, కప్పు కనబడేలా నిలబడి ఫోటోలు తీయించుకున్నాడు. తర్వాత ఫ్యూజాయన్ని పక్కకి పిలిచాడు.

"నా పేరు బోర్డు ఎక్కడండీ?"

"ఇంకా ప్యానెళ్ళే రాలేదండీ. అవి నమూనాలు."

"నమూనాలు ఇంత బావున్నాయంటే అసలువి ఇంకెంత బావుంటాయో. కాకపోతే ఒక మాట. పేరు బోర్డు రోడ్డు మీదికి కనబడాలి. కప్పు కింద, పెద్దక్షరాలతో."

"రోడ్డు మీదికి ఏదీ కనబడకూడదనే కదండీ ఆ ఆఫీసు గొడవంతా."

"కనబడనిదానికి అంత డబ్బు ఎందుకు పెట్టాలండీ నేను?" ఆయన మాటలో కోపం లేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

ఫ్యూజాయన ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. కనబడితే ఆఫీసు ఒప్పుకోదు. కనబడకపోతే దాత ఒప్పుకోడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అరవై మూడేళ్ళ వయసులో ఆయనకి తెలిసొచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం ఫాదర్‌ని అడిగి మైకు తీసుకున్నాడు. "పైనున్నవి ప్లైవుడ్ చెక్కలు. ఎనామిల్ రంగు నేనే వేశాను. దయచేసి చందాలు ఆపకండి," అని మూడుసార్లు చెప్పాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈసారి నమ్మారు. నమ్మినందువల్ల మేలు జరగలేదు, ఇంకో కీడు జరిగింది. ప్యానెళ్ళ పేరు చెప్పి చెక్కలు కట్టించాడట, వసూలు చేసిందంతా మింగేశాడట, బయటపడేసరికి మైకులో ఒప్పుకున్నాడట. వారం తిరిగేసరికి ఈ మాట మందుల గది వరస దాకా పాకి, నర్సమ్మ చెవిన పడింది. సూది వేయించుకుంటున్న ఒకామె, పాపం, ఓదార్పుగానే అంది: "మగవాళ్ళు చేసినదానికి మీరేం చేస్తారులెండి."

నర్సమ్మ ఆ మాట ఇంట్లో చెప్పలేదు. చెప్పింది ఆమె అన్నయ్య. ఆయన కమిటీ అధ్యక్షుడు, ఫ్యూజాయనకి బావగారు, ధర్మరాజు లాంటి మనిషి. ఆ ధర్మరాజుతనమే ఫ్యూజాయనకి ఎప్పుడూ గిట్టదు.

"మీ మీద నాకు నమ్మకం లేక కాదు బావగారూ," అన్నాడాయన కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "జనం అనుకుంటున్నారు కాబట్టి ఒక్క చిన్న విచారణ వేసి, ఏమీ లేదని రాసేసుకుంటే సరిపోతుంది."

"విచారణలో విచారణా?" అన్నాడు ఫ్యూజాయన. "నమ్మకం ఉంటే రాసుకోవడం దేనికి?"

"ఉందని రాసుకోవాలి కదా."

ఆ మాటతో ఫ్యూజాయన ఎగిరిపోయాడు. ప్లైవుడ్ రసీదు, రంగు డబ్బా రసీదు, మేస్త్రి కూలి చీటీ, ఒక్కొక్కటే బల్ల మీద చరుస్తూ పెట్టాడు. అన్నీ తన సొంత డబ్బే. చందా సొమ్ము మొత్తం బ్యాంకులో పైసా కదలకుండా ఉంది. బావగారు అన్నీ ఓపిగ్గా చదివి, మడతలు పెట్టి, "ఇవి జిరాక్సు తీయిస్తాను," అని తీసుకుపోయాడు. ఆయన గుమ్మం దాటగానే ఫ్యూజాయన కాగితం తీసుకుని రాజీనామా రాశాడు. రాసి భార్య ముందు పెట్టాడు.

ఆమె చదివింది. "అక్షరాలు బావున్నాయి," అంది.

"నాకిక ఓపిక లేదు. ఎవరికి కావాలో వాళ్ళు తిరుగుతారు ఆ ఆఫీసు చుట్టూ."

"ఎవరికి కావాలో వాళ్ళు పొద్దున్నే నా గుమ్మంలో నిలబడతారు. వాళ్ళ చేత తిప్పించమంటారా?" అని ఆ కాగితం మడిచి తన చేతిసంచిలో పెట్టుకుంది. "రేపు ఇద్దురుగాని. ఇవాళ బీపీ మాత్ర వేసుకోండి."

మర్నాడు ఇవ్వడం పడలేదు. తెల్లవారుజామున పెద్ద గాలి వీచింది. గాలి లేవగానే ఒక చెక్క తాడు తెంచుకుని పైకెగిరి, ఉత్తరం వాలు మీద పడి, పాతిక పెంకులు పగలగొట్టి ఆవరణలో వచ్చి పడింది. వెంటనే వాన. చర్చి లోపల మూడు వరసల బెంచీలు తడిసిపోయాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు అనుకుంటూ ఫ్యూజాయన మేస్త్రికి ఫోన్ చేశాడు.

మేస్త్రి నిచ్చెన వేసుకుని పైకెక్కి, ఉత్తరం వైపు కాసేపు కనబడకుండా పోయాడు. తర్వాత పై నుంచి అతని గొంతు వినబడింది.

"అయ్యగారూ, ఓసారి పైకి రండి."

"ఏం విరిగింది?"

"విరగలేదు. రండి చెప్తాను."

గోపురం లోపలి రాతిమెట్లు అరవై ఒకటి. అవి ఎక్కి, చెదపట్టిన ఒక చిన్న తలుపు తోసి, ఫ్యూజాయన ఆయాసపడుతూ బయటికొచ్చాడు. పెంకుల వాలుకీ బయటి రాతి గోడకీ మధ్య, నడుం ఎత్తు పిట్టగోడ వెనక, పొడుగ్గా చదునైన చోటు ఉంది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పావురాల రెట్ట పేరుకుని జానెడు మందాన గట్టిపడిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఆ తలుపు ఎవరూ తెరిచినట్టు లేదు. మేస్త్రి పారతో ఒకచోట గీకి కింద ఉన్న గచ్చు చూపించాడు. దాని మీద మడమతో గట్టిగా తన్నాడు.

"ఇది బండ. ఏనుగెక్కినా చెక్కు చెదరదు. మీరేమో ఆ వాలు మీద పెడతామంటున్నారు. ఇందాక పెంకులు తీస్తే చూశాను, కింద బద్దెలన్నీ పుచ్చిపోయాయి. చెక్కలు కాబట్టి ఆగాయి. అసలు ప్యానెళ్ళు ఎక్కిస్తే పూజ మధ్యలో అందరి నెత్తి మీదా దిగేవి."

ఫ్యూజాయన వంగి, ప్యానెల్ ఉండే ఎత్తున తల పెట్టి రోడ్డు వైపు చూశాడు. రోడ్డు కనబడలేదు. పిట్టగోడ అడ్డం. రోడ్డు మీది మనిషికి ఈ చోటూ కనబడదన్నమాట. దక్షిణం వైపు కూడా ఇలాంటిదే ఉందేమోనని కప్పు చివరి నుంచి తిరిగి వెళ్ళి చూశాడు. ఉంది. రోజంతా ఎండ పడే వైపే. కాకపోతే ఇరవై నాలుగు పట్టవు. అడుగులేసి కొలిచాడు. పద్నాలుగు పడతాయి. సంతోషించాలో, ఆరు నెలలు కింద నిలబడి మెడ నొప్పి పుట్టేలా చూస్తూ ఒక్కసారైనా పైకెక్కని తన తెలివిని తిట్టుకోవాలో తెలియక, రెట్టలో నిలబడి తల గోక్కున్నాడు.

సరిగ్గా అప్పుడే కింద జీపు ఆగింది.

దిగింది కొత్త అధికారి. నలభై ఏళ్ళ ఆవిడ, చేతిలో ఫైలు. ఆవిడ కూడా అరవై ఒక్క మెట్లూ ఎక్కింది, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని. వస్తూనే, "కార్యదర్శి ఎవరు?" అంది.

"నేనేనండీ. ఆరు నెలల నుంచీ మీ కోసమే చూస్తున్నాం. నా అర్జీ..."

"అర్జీ సంగతి నాకు తెలియదు. అనుమతి లేకుండా పాత కట్టడం మీద సోలార్ ప్యానెళ్ళు బిగించారని ఫిర్యాదు వచ్చింది. నోటీసు తెచ్చాను, సంతకం పెట్టండి."

భార్యకి ఇచ్చిన మాటలు, బీపీ మాత్రలు, ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్న మర్యాదలు అన్నీ ఒక్కసారిగా గాలికి పోయాయి. ఫ్యూజాయన గిరుక్కున తిరిగి, వాలు అంచున ఉన్న చెక్క తాడు విప్పి, దాన్ని లాక్కొచ్చి ఆవిడ ముందు నిలబెట్టి, వేళ్ళతో టకటకా కొట్టాడు.

"చెక్కండీ. ప్లైవుడ్. మీ ఆఫీసు పెట్టమంటే పెట్టాను. ఇదిగో మీ ఉత్తరం." జేబులోంచి తీశాడు. ఆ ఉత్తరం నెల రోజులుగా ఆయన జేబులోనే ఉంటోంది, ఎవరడిగినా చూపించడానికి. "దీని కోసం ఏడుసార్లు వచ్చాను. అర్జీ పెడితే ఒక్కరూ రాలేదు. ఫిర్యాదు వెళ్తే జీపేసుకుని వచ్చారు. మొదటే ఫిర్యాదు పెట్టుకుంటే పోయేదేమో."

ఆవిడ ఉత్తరం చదివింది. చెక్క మీద వేలు పెట్టి తెల్లగీత గీకి చూసింది. "ఈ గీతలు కూడా మీరే గీశారా?" అంది.

"అదే మెరుపు ఉండాలన్నారు కదండీ."

ఆవిడ మొహం అప్పటికి మెత్తబడింది. నవ్వలేదు గానీ, నోటీసు ఫైల్లో పెట్టేసుకుంది. వాలు మీద మాత్రం ఒప్పుకోనంది, రోడ్డు చివర వంతెన మీది నుంచి స్పష్టంగా కనబడుతున్నాయంది. మేస్త్రి ఊరుకోకుండా పిట్టగోడ వెనక చోటు చూపించాడు. ఆవిడ కిందికి దిగి, రోడ్డు మీద నాలుగు చోట్ల నుంచి ఫోటోలు తీసుకుంది. పైన మేస్త్రి చెక్కని పిట్టగోడ వెనక పట్టుకుని, "కనబడుతోందా?" అని అరుస్తుంటే, ఆవిడ కింద నుంచి చేత్తో లేదని సైగ చేసింది. "ఇక్కడైతే నాకు అభ్యంతరం లేదు. రెండు వారాల్లో కాగితం వస్తుంది," అని జీపెక్కింది.

ఆ సాయంత్రం ఫ్యూజాయన ఇంట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి పచార్లు చేశాడు. "ఏ నీచుడో ఫిర్యాదు పెట్టాడు. వాడెవడో తెలియాలి. మంచికే అయింది, అది వేరే సంగతి. కానీ వాడి బుద్ధి చూడు."

నర్సమ్మ సూదులు లెక్కపెట్టుకుంటోంది. "వాడు కాదు," అంది తలెత్తకుండా.

"మరి?"

"నేనే రాశాను. పేరు పెట్టలేదు."

ఆయన పచార్లు ఆగిపోయాయి.

"మీరు ఆరు నెలలు మర్యాదగా అడిగారు," అంది ఆమె. "నేను పాతికేళ్ళు ఆస్పత్రిలో చూశాను. మందు లేదని చెబితే పై అధికారి రాడు. మందు దొంగతనంగా పోతోందని చెబితే సాయంత్రానికి వస్తాడు."

"నన్ను జైల్లో పెడితే?"

"చెక్కలు కట్టినందుకు ఎవరూ జైల్లో పెట్టరు. ఆ ఉత్తరం మీ జేబులోనే ఉందని నాకు తెలుసుగా, చొక్కాలు ఉతికేది నేనే."

ఆయనకి చాలా అనాలనిపించింది. ముందే ఎందుకు చెప్పలేదని, తనని అలా నిలబెట్టేస్తావా అని. అవన్నీ మింగి కూర్చున్నాడు. "అక్షరదోషాలు లేకుండా రాశావా?" అని మాత్రం అడిగాడు.

చెక్కలన్నీ దింపించి, ఆదివారం పూజ వేళకి చర్చి గుమ్మం ముందు వరసగా పేర్పించాడు. లోపలికి వెళ్ళాలంటే వాటి పక్కనుంచే వెళ్ళాలి. పాటల బృందం పెద్దావిడ వంగి ఒకదాన్ని వేలితో కొట్టి, "నిజంగానే చెక్కే," అంది పక్కావిడతో. బావగారు మైకు దగ్గర నిలబడి రసీదుల జిరాక్సులు ఒక్కొక్కటే చదివాడు, తేదీలతో సహా. వింటుంటే ఫ్యూజాయనకి ఎక్కడైనా తల దాచుకోవాలనిపించింది. అయినా ఆ సోది పని చేసింది. ఎవరూ ఆయన్ని క్షమాపణ అడగలేదు. బయటికొచ్చినవాళ్ళు ఆయన మొహం చూడకుండా పెట్టె దగ్గర మాత్రం కాసేపు ఎక్కువ ఆగారు.

బట్టల కొట్టాయన దగ్గరికి ఈసారి ఫాదర్‌ని తీసుకుని వెళ్ళాడు. కప్పు మీద పేరు కుదరదు, గోడ మీద కూడా కుదరదు. హాలు మాత్రం పాత కట్టడం కాదు, దాని గోడ మీద ఏమైనా రాసుకోవచ్చు. ఆ రోజు ఎంత కరెంటు తయారైందో చూపించే చిన్న డబ్బా అక్కడే ఉంటుంది. సూదికి వరసలో నిలబడే నలభైమందీ రోజూ దాన్నే చూస్తారు.

"నలభైమందేనా?" అన్నాడాయన.

"రోజూ నలభైమంది," అన్నాడు ఫాదర్. "మీ కొట్టు బోర్డుని రోజూ ఎంతమంది చదువుతారంటారు?"

ఆయన వేళ్ళ మీద లెక్కేసుకుని, ఇస్తానన్నదాంట్లో మూడో వంతుకి దిగాడు. పెట్టెలో పడింది, ఇది, అన్నీ కలిపితే పద్నాలుగింటికి చాల్లేదు. తొమ్మిదికి వచ్చింది. చర్చిలో ఫ్యాన్లకి చాలదు గానీ మందుల గదికీ హాలుకీ సరిపోతుంది. మిగతా అయిదూ తర్వాత చూసుకుందామనుకున్నారు. రెండు వారాలన్న కాగితం ఏడు వారాలకి వచ్చింది, గుమాస్తా సంతకం కింద ఫ్యూజాయన ఇంటిపేరు తప్పుగా. ఆయన దాన్ని దిద్దించడానికి వెళ్ళలేదు.

స్విచ్ వేసిన రోజు పొద్దున్న హాల్లో వరస ఎప్పట్లాగే ఉంది. ఫ్యూజాయన స్టూలేసుకుని డబ్బా ముందు కూర్చున్నాడు. అంకె పెరుగుతుంటే పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిదిన్నరకి సూర్యుడి మీదికి మబ్బొచ్చింది. అంకె నత్తలా నడవసాగింది. ఆయన విసుగ్గా లేచి కిటికీ దగ్గరికెళ్ళి ఆకాశం వంక చూసి, "ఇవాళే రావాలా ఇది," అన్నాడు.

వెనకే వరసలో ఉన్న ఒకతను అడిగాడు. "కరెంటు ఊరికే వస్తోంది కదండీ, ఇక్కడ ఒక ఏసీ పెట్టించకూడదా?"

ఫ్యూజాయన అతని వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. నర్సమ్మ సూది చేత్తో పట్టుకునే, "చెయ్యి చాపు నాయనా," అంది అతనితో, తొందరగా.